రాగుల డబ్బాలో మాత్రలు

మా పాపకు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు దానికి నాలుగేళ్ళు. తొంభైల చివర్లో మాట. పెనుకొండలో మేమున్న అద్దె ఇంటి గడప మీద కూర్చుని జామకాయ తింటున్నది, కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. పరిగెత్తిపోయి బిడ్డను ఎత్తుకోలేదు. ఉన్నచోటే నిలబడి అరిచాను. ఎదురింటామె వచ్చి, తాళంచెవుల గుత్తి పాప గుప్పిట్లో పెట్టి, నోటి నురుగు తుడిచి, "ఏమ్మా, తల్లివి నువ్వా నేనా?" అని నన్ను తిట్టింది.

మా ఆయన హిందూపురం డిపోలో కండక్టరు. వారానికి ఒకరోజు ఇంట్లో ఉండేవాడు. మూడోసారి ఫిట్స్ వచ్చాక పాపను భుజాన వేసుకుని హిందూపురంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు చిన్న తెల్ల మాత్రలు రాసిచ్చి, "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడేళ్ళు. మీకై మీరు మానేసి, మళ్ళీ వచ్చిందని ఏడుస్తూ నా దగ్గరికి రావద్దు" అని కసిరాడు. నాకు మెత్తగా మాట్లాడే డాక్టర్ల కంటే కసిరేవాళ్ళ మీదే నమ్మకం. ఆ రోజు నుంచి ఒక్క పూట తప్పించలేదు.

అదే రోజుల్లో మా చర్చి సంఘం ఆడవాళ్ళంతా శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా బిడ్డ కోసం ఏడ్చారు. సొంత బిడ్డకన్నట్టు ఏడ్చారు. కూలి పని చేసుకునే ఒకామె, శుక్రవారం పని మానేస్తే ఆ రోజు పొయ్యి వెలగదని తెలిసి కూడా, ఎనిమిది వారాలు మానేసి వచ్చింది. ఆ ప్రార్థనలు ఉత్తివని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

ఆరు నెలలు గడిచాయి. ఫిట్స్ రాలేదు.

మా సంఘంలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు చేసిన మేలు ఎవరికి వాళ్ళు లేచి చెప్పాలి. తప్పిపోయిన మేక దొరికిందని ఒకరు, కొడుకు పదో తరగతి గట్టెక్కాడని ఒకరు. చెప్పిన ప్రతిదానికీ "హల్లెలూయ", కంజీర మీద రెండు దెబ్బలు. అంతకు కొన్ని వారాల ముందు ఒకామె లేచి, "దేవుని దయ, డాక్టరు మందు, నా బీపీ తగ్గింది" అన్నది. ముందు వరసలో ఉండే సంఘపెద్ద, నవ్వుతూనే, "ఏమమ్మా, మన దేవునికి అసిస్టెంటు కావల్సొచ్చిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె ముసుగు సర్దుకుని కూర్చుంది.

నా వంతు వచ్చినప్పుడు పాపను పక్కన నిలబెట్టుకుని లేచాను. "ఆర్నెల్లాయె, నా బిడ్డకు ఫిట్స్ రాలేదు" అన్నాను. అంతే. ప్రార్థన షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత హల్లెలూయ. శుక్రవారాలు కూలి మానుకున్న ఆమె వచ్చి పాపను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. 'హిందూపురం డాక్టరు మాత్రలు వాడుతున్నాము' అనే మాట నా నాలుక చివర ఉంది. చప్పట్లు ఆగాయి. అందరూ నావైపే చూస్తున్నారు. నేను ఆ మాట మింగేసి కూర్చున్నాను. ఎవరూ నా నోరు మూయలేదు. పెద్దాయన నవ్వు గుర్తొచ్చి భయపడ్డానని చెప్పుకోవచ్చు గానీ, అది సగమే నిజం. నాకు ఆ చప్పట్లు బాగున్నాయి.

ఆ వారం మా ఆయన ఇంటికొస్తే చెప్పాను. చొక్కా విప్పుతున్నవాడు ఆగి, "మాత్రల సంగతి చెప్పలేదా?" అన్నాడు.

"తర్వాత చెప్పొచ్చులే."

"ఏమ్మే, అంతదూరానికి సగం టికెట్టు కొట్టినావు కదే. నడిమధ్యన చెకింగు వస్తే ఏం చేస్తావు?"

"నీ మొహం, నీ బస్సూ" అని విసుక్కున్నాను. కానీ ఆ మాట నా లోపల ముల్లులాగా దిగి అక్కడే ఉండిపోయింది.

తర్వాత ఆదివారం చెబుదామనుకున్నాను. ఆ ఆదివారమే పెద్దాయన మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడదామన్నాడు. కూడికకు నలభైమంది వచ్చి చిత్రాన్నం తిని, పాప తల మీద చెయ్యి పెట్టి పోయారు. చిత్రాన్నం తిన్నవాళ్ళతో ఏం చెప్పేది? ఆ తర్వాతి నెల హిందూపురంలో ప్రార్థన కూటానికి పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. అక్కడ కొత్తవాళ్ళ ముందు మొదలుపెడితే మావాళ్ళు ఏమనుకుంటారో అని అక్కడా అదే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వెనక్కి తిరిగే దారి ఇంకొంచెం మూసుకుపోయింది. చివరికి ఆ మాటలు నాకు బట్టీ వచ్చేశాయి. ఏ మాట దగ్గర గొంతు వణకాలో కూడా తెలిసిపోయింది. థూ, నా బతుకు!

మా వీధి మందుల షాపాయన భార్య మా సంఘమే. అందుకని పెనుకొండలో మాత్రలు కొనడం మానేశాను. మా ఆయనే హిందూపురం నుంచి తెచ్చేవాడు. ఎవరైనా ఎప్పుడైనా ప్రార్థనకని లోపలికి వచ్చేస్తారు కాబట్టి వాటిని అలమరలో పెట్టలేను. రాగుల డబ్బాలో అడుగున గుడ్డలో చుట్టి పెట్టాను. పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ తలుపు గడియ వేసి, మోచేతి దాకా రాగుల్లో చెయ్యి పెట్టి వెతకడం. ఒకరోజు తలుపు తట్టారు. మాత్ర అప్పటికే పాప నోట్లో ఉంది. నీళ్ళు ఇవ్వడానికి కూడా భయమేసి దాని నోరు నా చేత్తో మూసి పట్టుకున్నాను. వచ్చింది పాలామె. ఆమె పోయేదాకా బిడ్డ ఆ చేదును నాలుక మీద పెట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ కదలకుండా నిలబడింది.

"ఈ మాత్రల మాట ఎవరికీ చెప్పగూడదు పాపా" అని దానికి నేర్పించాను. తెలివైన పిల్ల, తొందరగా నేర్చుకుంది. ఒక సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, నేను వింటున్నానని కూడా చూడకుండా ప్రార్థన చేస్తోంది. "యేసయ్యా, అమ్మను సల్లగా సూడు. నాయన బస్సును సల్లగా సూడు. నేను మాత్ర మింగతాండేది నీకు తెలుసు గదా, నువ్వు గూడా ఎవురికీ చెప్పొద్దు. ఆమేన్."

నేను వంటింట్లోకి పోయి గోడకు తల ఆనించుకున్నాను.

అప్పటికే నా ప్రార్థన చచ్చిపోయింది. మోకాళ్ళు వంచేదాన్ని, మాట వచ్చేది కాదు. దేవుడు మనకు చాలా దగ్గరగా ఉంటాడని పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పినప్పుడల్లా పక్కవాళ్ళు తృప్తిగా తల ఊపేవాళ్ళు, నాకు మాత్రం ఒళ్ళు చల్లబడేది. అంత దగ్గరగా ఉంటే డబ్బా మూత తీసి చూడకుండా ఉంటాడా? ఆయన దూరంగా ఉంటే బాగుండని కోరుకున్న రోజులవి. విశ్వాసి అయినదానికి అంతకన్నా ఇరుకు ఇంకొకటి ఉండదు. ఇంట్లో ఊపిరాడదు, గుడిలో ఊపిరాడదు, మోకాళ్ళ మీద కూడా ఊపిరాడదు.

ధర్మవరం కూటానికి పెద్దాయన మమ్మల్ని ప్యాసింజరు బండిలో తీసుకుపోయాడు. సాక్ష్యం అయిపోయి కిందికి దిగగానే ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళది కనగానపల్లి పక్క పల్లె. కూతురు పోతే మనవరాలిని తనే పెంచుకుంటోంది. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు, అవ్వ కొంగు పట్టుకుని వెనకాల నిలబడి మా పాపనే చూస్తోంది.

"మా బిడ్డకూ ఇదే జబ్బు తల్లీ. రెండేండ్లాయె మాత్రలు మింగించబట్టి. నీ బిడ్డకు ఏ మందూ లేకనేనా?" అని అడిగింది.

పక్కనే పెద్దాయన. చుట్టూ జనం. నా పాప నా వేలు గట్టిగా పట్టుకుంది, అమ్మ ఏం చెబుతుందోనని.

"దేవుడు చానా దయగలోడు అవ్వా" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత సులభంగా నోట్లోంచి వచ్చింది. అవ్వ నా రెండు చేతులూ కళ్ళకు అద్దుకుని వెళ్ళిపోయింది. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని, ఆమె దాన్ని మామూలు మాటగానే అనుకుని ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకుంటూ పెనుకొండ దాకా వచ్చాను.

మూడు వారాల తర్వాత ఆదివారం ప్రకటనల్లో పెద్దాయన లేచి, ధర్మవరం కూటానికి వచ్చిన ఒక అవ్వ మనవరాలు అక్కడి ఆసుపత్రిలో ఉందని, ఫిట్స్ ఆగకుండా వస్తున్నాయని చెప్పాడు. "మాత్రలు పారేసి దేవుని మీద ఆనుకునింది గానీ, నడుమ యాడో అవ్వకు విశ్వాసం తగ్గినట్టుండాది. ఆయమ్మ విశ్వాసం కోసం ప్రార్థన చేద్దాము" అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచే ఉంచాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన ఉన్నాడు. చెప్పాను. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "పో. పాపను గూడా తీస్కపో. సాయంత్రం మాత్ర మర్చిపోవద్దు" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే తిరిగి తిట్టి కాస్త తేలికపడేదాన్ని.

ధర్మవరం ఆసుపత్రి వరండాలో అవ్వ నేల మీద కూర్చుని ఉంది. గాజు తలుపు అవతల మంచం మీద ఆ పిల్ల. ముక్కులో గొట్టం, చేతులు మంచానికి గుడ్డలతో కట్టేసి. నన్ను చూడగానే అవ్వ లేవబోయి లేవలేక, నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"వచ్చినావా తల్లీ! నీ మాట దేవుడు ఇంటాడు. నేను పాపిష్టిదాన్ని, నాకు విశ్వాసం సాలలేదు. ఆ డాక్టరయ్య ఎవురు ఆపమన్నారని అరిస్తే, నేనే ఆపినానయ్యా అని చెప్పినా. నీ పేరెత్తలేదు. నువ్వు బిడ్డ కోసరం ప్రార్థన చెయ్యి."

అదీ నేను ఇరుక్కున్న చోటు. ఆమె తప్పును తనమీద వేసుకుని, నన్ను దాచిపెట్టి, మళ్ళీ నన్నే దేవుని దగ్గరికి పంపుతోంది. కళ్ళు మూసుకుంటే ఏ దేవుడు కనిపిస్తాడు? నోరు తెరిస్తే ఏ మాట వస్తుంది? వరండాలో గడియారం ఆరు చూపిస్తోంది.

అప్పుడు నేను సంచి తెరిచాను. గుడ్డ విప్పి, మాత్రల అట్ట బయటికి తీసి, ఒకటి చించాను. పాప గబుక్కున అటూ ఇటూ చూసి, తలుపు ఎక్కడుందా అని వెతుక్కుంది. "ఈడనే మింగు. ఏం కాదు" అన్నాను. అవ్వ పక్కనున్న చెంబు తీసుకుని నీళ్ళు తాగించాను.

అవ్వ చూసింది. మాత్రను చూసింది, పాపను చూసింది, నన్ను చూసింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

"మొదట్నుంచీ అవ్వా. ఒక్క పూట గూడా ఆపలేదు. నేను చెప్పలేదు. చెప్పకుండా దాచిపెట్టినా."

అవ్వ నడుముకు దోపుకున్న వక్కాకు సంచి తీసింది. ఆకులూ సున్నం కాయా పక్కకు జరిపి, లోపలినుంచి నలిగిపోయిన ఒక మాత్రల అట్ట తీసింది. సగం మాత్రలు ఇంకా అలాగే ఉన్నాయి. నా చేతిలోది లాక్కుని, రెండూ పక్కపక్కన పెట్టుకుని, చదువు రాని కళ్ళతో అక్షరం పక్కన అక్షరం పోల్చింది.

"ఇదీ ఇదీ ఒకటేనా?"

"ఒకటే అవ్వా."

"నా నడుముకే ఉండాదే" అంది. గొంతు పైకి లేవలేదు. "దేవుడు ఇచ్చింది నా నడుముకే కట్టుకోని తిరగతాండా. నీ నోటిమాట నమ్మి బిడ్డ నోటికాడ తీసేసినా గదే."

నేను ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"పో తల్లీ ఈడనుంచి. నువ్వుంటే నా నోట్లో చెడ్డమాట వస్తాది. బిడ్డ లోపలుండేటప్పుడు నాకు చెడ్డమాట వద్దు."

వచ్చేశాను. స్టేషన్లో బండి కోసం కూర్చుని, ఎన్నో నెలల తర్వాత ప్రార్థన చేశాను. అందులో భక్తి మాటలేమీ లేవు. ఆ పిల్లను బతికించు, నన్ను ఏమైనా చెయ్యి, అంతే. విచిత్రమేమంటే అప్పుడు నాకు ఆయన దగ్గరగా ఉన్నాడంటే భయం వేయలేదు. డబ్బా మూత తీసి అప్పటికే అంతా చూసేసినవాడు ఇంకా నా పక్కనే కూర్చున్నాడనిపించింది. స్టేషన్ బెంచీ మీద కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ పిల్ల బతికింది. నాలుగోరోజు కళ్ళు తెరిచిందని కబురొచ్చింది. కుడిచెయ్యి మాత్రం పట్టు తప్పింది, పలక పట్టుకోలేకపోతోందని చెప్పారు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. పెద్దాయన ముఖం వికసించింది. కంజీర పిల్లవాడు చెయ్యి ఎత్తి పెట్టుకున్నాడు. "దేవుడు నా బిడ్డకు మేలు చేసినాడు. మాత్రల చేతనే చేసినాడు. ఆ మేలును నేను రాగుల డబ్బాలో దాచిపెట్టినా. దాచినందుకు ధర్మవరంలో ఇంకొక బిడ్డ చావుదాకా పోయొచ్చింది. ఆ అవ్వకు విశ్వాసం తక్కువ కాలేదు. తక్కువైంది నా నోట్లో నిజం" అన్నాను. కంజీర మోగలేదు. శుక్రవారాలు కూలి మానుకున్న ఆమె నావైపు చూడకుండా తల దించుకుంది. అందరికంటే ఆమె తల దించుకోవడమే నన్ను కోసేసింది. పెద్దాయన గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు.

ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను చింతచెట్టు నీడకు పిలిచి, మెల్లగా, "బాగా చెప్పినావమ్మా. నేను గూడా పదేండ్లుగా షుగరు మాత్రలు మింగతాండా" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "ఆ మాట లోపల మైకులో చెప్పుంటే బాగుండు గదయ్యా!" అనేశాను. పాస్టరుగారితో అలా మాట్లాడిన ఆడది మా సంఘంలో అంతకుముందు లేదు. ఆయన రెండు వారాల తర్వాత ప్రసంగం మధ్యలో చెప్పారు, అదీ గొణుగుతూ. చెప్పారు, అది చాలు. బీపీ ఆమె ఆ రోజు ముసుగులోంచి నావైపు చూసి కొంచెం నవ్వింది.

కొందరు మా ఇంటికి రావడం మానేశారు. మాత్రలు మాత్రం గూట్లోకి వచ్చాయి, బైబిలు పక్కకు. పాపకు అలవాటు పోవడానికి చాలా రోజులు పట్టింది. మాత్ర చూపిస్తే ఇంకా తలుపువైపు చూసేది.

అవ్వ సంగతి ఎవరిని అడగాలన్నా ముఖం చెల్లలేదు. రెండుసార్లు ధర్మవరం దాకా పోయి, ఆ పల్లె బస్సెక్కలేక తిరిగి వచ్చాను. క్షమాపణ అడగడానికి కూడా అర్హత కావాలేమో అనిపించేది.

మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం గడప దగ్గర ఎవరో నిలబడ్డారు. అవ్వ. పక్కన మనవరాలు, కుడిచెయ్యి పొట్టకు ఆనించుకుని. నేను లేచి, "రా అవ్వా, లోపలికి రా" అన్నాను. రాలేదు. చెప్పులు విప్పలేదు.

"హిందూపురంలో మా చిన్నాయన కొడుకింటికి పోతాండాం. పొద్దున్నే మాత్రలు అయిపోయినాయి. ధర్మవరం షాపులో రేపు వస్తాయన్నాడు. ఈడ దిగి అడిగితే ఈ షాపోడూ లేవన్నాడు. ఇల్లడుక్కుంటా వచ్చినా. నీ కాడ ఉంటాయి గదా?"

"ఉండాయవ్వా, ఉండాయి." గూట్లోంచి అట్ట తీసుకుని పరిగెత్తుకొచ్చాను. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టబోయి ఆగి, "అవ్వా, నేను… ప్రార్థన…" అని ఏదో అనబోయాను.

అవ్వ చెయ్యి చాపింది.

"ప్రార్థన నేను చేసుకుంటాలే. నువ్వు మాత్రియ్యి."

ఇచ్చాను. దాన్ని అరచేతిలో పెట్టుకుని, గడప అవతలే నిలబడి, అవ్వ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. చివర్లో కళ్ళు తెరవకుండానే, "నీ బిడ్డను గూడా పిలువు. అది గూడా ఇప్పుడే మింగల్ల గదా" అంది.